పార్టీ లేకుండా పంచాయతీ గెలవచ్చా? గెలవచ్చు, సర్పంచ్ పోస్టుతో మాత్రం మొదలుపెట్టకండి

ప్రశ్న అడిగిన తమ్ముడిది రాజాం దగ్గర ఒక పల్లె, ఉద్యోగం విశాఖలో. ఊళ్లో ఎన్నేళ్లయినా రెండు పార్టీల మనుషులే మార్చి మార్చి సర్పంచ్ అవుతున్నారు. గ్రామసభ ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఈసారి పదిమంది కుర్రాళ్లు ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా నిలబడదామనుకుంటున్నారు. ఇంగ్లండులో ఫ్రోమ్ అనే ఊళ్లో మామూలు జనం ఇలాగే కౌన్సిల్ గెలుచుకున్నారని చదివారట. మన దగ్గర అది కుదురుతుందా, గెలిస్తే ఊరందరితో కలిసి పంచాయతీ నడపడం ఎలా అన్నది ఆయన ప్రశ్న.

కుదురుతుంది. నేను ఈఓపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా మండలాలు తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి కుర్రాళ్ల గుంపులు, డ్వాక్రా మహిళలు పిలిస్తే వెళ్లి పంచాయతీ లెక్కలు చదవడం నేర్పిస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. పార్టీ లేకుండా గెలిచిన వాళ్లను చూశాను, గెలిచి ఆరు నెలల్లో ఎవరో ఒకరి మనుషులైపోయిన వాళ్లను ఇంకా ఎక్కువ చూశాను. తేడా ఎక్కడొచ్చిందో చెబితే మీకు ఉపయోగం. మీ ప్లాన్‌లో రెండు మార్చండి: సర్పంచ్ పోస్టు కంటే ముందు వార్డుల్లో మెజారిటీ చూసుకోండి. నామినేషన్ల దాకా ఆగకుండా ఇప్పుడే గ్రామసభలో కూర్చోవడం మొదలుపెట్టండి.

ముందు ఫ్రోమ్ సంగతి. సోమర్సెట్ కౌంటీలో పాతిక వేల పైచిలుకు జనాభా ఉన్న పట్టణం అది. 2011లో అక్కడి మామూలు జనం ఇండిపెండెంట్లుగా ఒక జట్టు కట్టి పట్టణ కౌన్సిల్లో 17 సీట్లకు 10 గెలిచారు. 2015లో 17కు 17, 2019లో మళ్లీ 17కు 17. వాళ్లు అందరూ ఒప్పుకున్న మేనిఫెస్టో పెట్టుకుని పోటీ చేయలేదు. ఎలా పనిచేయాలో మాత్రం ముందు ఒప్పుకున్నారు. ఎవరి ఓటు వాళ్లదే, ఇలాగే ఓటేయాలన్న విప్ లేదు, అభిప్రాయం తేడా వస్తే మనిషి మీదకు వెళ్లకూడదు, ఊరి జనాన్ని నిర్ణయాల్లోకి తేవాలి. మీరు తీసుకోవాల్సింది ఈ ముక్కే. మిగతాదంతా మనకు అతకదు. వాళ్ల కౌన్సిల్ ఏటా తనకెంత కావాలో తేల్చుకుని ఇంటి పన్నులో భాగంగా వసూలు చేయించుకుంటుంది. మన పంచాయతీకి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం పైనుంచి షరతులతో వస్తుంది. ఆ షరతులు తెలియకుండా గెలిస్తే మొదటి ఏడాదే చేతులెత్తేస్తారు.

మన దగ్గర సులువైన సంగతీ ఒకటుంది. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు మన రాష్ట్రంలో పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ, జడ్పీటీసీకి పార్టీ గుర్తులు, పంచాయతీకి ఉంగరం, కత్తెర లాంటి గుర్తులు. అంటే చట్టం దృష్టిలో పంచాయతీలో పోటీ చేసే ప్రతివాడూ స్వతంత్రుడే. "మా మద్దతుదారు గెలిచాడు" అని పార్టీలు చెప్పుకోవడం అంతా బయటి లెక్క. ఇంకో మాట, మీ ప్యానెల్ మొత్తానికి ఒకే గుర్తు వస్తుందని ఆశపడకండి. అభ్యర్థుల పేర్లు తెలుగు అక్షరక్రమంలో పెట్టి ఆ వరుసలోనే గుర్తులిస్తారు. అందుకని మనిషి ముఖమే ప్రచారం. చిన్న పంచాయతీలో ఒక్కో వార్డుకు ఉండేదే కొద్ది వందల ఓట్లు. ఇంటింటికీ కాలినడకన ఎన్నిసార్లైనా తిరగొచ్చు.

అర్హతలు టూకీగా: 21 ఏళ్లు నిండాలి, పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండాలి. మీ ఓటు విశాఖకు మార్చేసుకుంటే ముందు అది చూసుకోండి. ఇద్దరు పిల్లల నిబంధన 2024లో తీసేశారు కాబట్టి ఆ కారణంతో ఇన్నాళ్లూ పక్కనపడ్డ మంచివాళ్లను ఇప్పుడు పిలవచ్చు. డిపాజిట్ 2021లో సర్పంచ్‌కు 3,000 రూపాయలు, వార్డుకు 1,000, ఎస్సీ ఎస్టీ బీసీలకు అందులో సగం. గెలిచినా ఓడినా ఖర్చు లెక్కలు గడువులోగా ఇవ్వాలి, లేకపోతే తర్వాత పోటీకి అనర్హులవుతారు. కుర్రాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే.

వార్డులే ఎందుకు?

సర్పంచ్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు. వార్డు సభ్యులు జనాభాను బట్టి 5 నుంచి 21 మంది వరకు ఉంటారు. తీర్మానాలు నెగ్గేది సమావేశంలో మెజారిటీతో. ఉపసర్పంచ్ ఎన్నికయ్యేదీ వార్డు సభ్యుల్లోంచే. సర్పంచ్ ఒక్కడే మీవాడై, వార్డుల్లో ఎక్కువమంది అవతలివాళ్లయితే ఐదేళ్లూ ప్రతి తీర్మానానికీ బతిమాలుకోవాలి. ఇక సర్పంచ్ మీవాడు కాకపోయినా వార్డుల్లో మెజారిటీ మీదైతే, ఏ పని ముందు, ఏ బిల్లు సరైంది, పన్ను ఎంత అన్నవన్నీ మీ మాట దాటిపోలేవు.

రెండో కారణం రిజర్వేషన్. మీ ఊరి సర్పంచ్ స్థానం ఈసారి మహిళకో ఎస్సీకో బీసీకో జనరల్‌కో ఎన్నికల ముందుగానీ ఖరారు కాదు. ఒక కుర్రాడిని చూసుకుని రెండేళ్లు పనిచేశాక, రిజర్వేషన్ జాబితా వచ్చిన రోజే ఆ గుంపు చెదిరిపోవడం నా కళ్లతో చూశాను. వార్డుల్లోనూ రిజర్వేషన్లు ఉంటాయి కానీ, అన్ని వీధుల మనుషులూ మీలో ఉంటే ఎక్కడ ఏది వచ్చినా నిలబెట్టడానికి మనిషి ఉంటారు. మీ పదిమందీ ఒకే వీధి కుర్రాళ్లా? ఈ ప్రశ్న కొంచెం కష్టంగా ఉన్నా అడుగుతున్నాను. మన పల్లెల్లో వీధి అంటే చాలాసార్లు కులమే. ఒకే వీధి నుంచి పదిమంది వస్తే మీరు ఏ పార్టీ కాదని ఎంత చెప్పినా, ఎస్సీ కాలనీలోనో పల్లోళ్ల (మత్స్యకారుల) వీధిలోనో మిమ్మల్ని ఆ కులం పార్టీగానే చూస్తారు. అలా చూడటంలో వాళ్ల తప్పేమీ లేదు, అనుభవం వాళ్లకు అదే నేర్పింది.

వార్డు సభ్యులకు చేయడానికేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. ఎందుకు అనుకుంటారో నాకు తెలుసు. పంచాయతీ సమావేశం నెలకొకసారి జరగాలి. చాలాచోట్ల జరిగేది ఇదీ. మినిట్స్ పుస్తకం సంచిలో పెట్టుకుని ఒక మనిషి ఇంటింటికీ వస్తాడు. పొలం నుంచి అప్పుడే వచ్చిన మెంబరమ్మ కాళ్లు కడుక్కుంటూ ఉంటుంది. "ఇక్కడమ్మా" అని వేలు పెట్టి చూపిస్తాడు, సంతకం పెడుతుంది. పైన ఏం రాసుందో చదవదు. చాలాసార్లు పైన ఏమీ రాసి కూడా ఉండదు, అరపేజీ ఖాళీ వదిలి కింద పేర్ల వరుస ఉంటుంది. ఆ ఖాళీలో తర్వాత ఏదైనా రాసుకోవచ్చు. తనిఖీలకు వెళ్లినప్పుడు తీర్మానం ఒక సిరాతో, సంతకాలు ఇంకో సిరాతో ఉన్న పేజీలు నా చేతిలోంచి వెళ్లాయి.

కాబట్టి మీ వార్డు సభ్యులకు నేర్పాల్సిన మొదటి అలవాటు: సమావేశంలో కూర్చోకుండా సంతకం పెట్టొద్దు. పెట్టేటప్పుడు చివరి తీర్మానం కింద అడ్డంగా గీత గీసి, తేదీ వేసి పెట్టండి. తీర్మానంతో ఒప్పుకోకపోతే అసమ్మతి రాయించండి. చీపురుపల్లి వైపు ఒక పంచాయతీలో ముగ్గురు మహిళా సభ్యులు ఈ ఒక్క పని పట్టుబట్టి చేశారు. వాళ్లకు మెజారిటీ కూడా లేదు. అయినా రెండు మూడు నెలలు తిరిగేసరికి పుస్తకం ఇంటికి రావడం ఆగి, ఆఫీసులో కుర్చీలు వేయడం మొదలైంది.

మహిళల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సీట్లలో సగం వాళ్లవే. భర్తో కొడుకో వచ్చి కుర్చీలో కూర్చుంటే "పార్టీ లేని పంచాయతీ" అన్న మాటకు అర్థం లేదు. డ్వాక్రా సంఘాల్లో, గ్రామ సంఘంలో ఏళ్ల తరబడి పొదుపు పుస్తకాలు రాసిన ఆడవాళ్లకు లెక్క చూడటం మీ పదిమంది కుర్రాళ్లకంటే బాగా వచ్చు. వాళ్లను మీ ప్యానెల్‌లోకి పిలవడం అనేకంటే, మీరే వాళ్ల ప్యానెల్‌లో చేరతామని అడగండి. సమావేశం కూడా వాళ్ల పనివేళలు చూసి పెట్టండి. పొద్దున పదకొండింటికి పెడితే ఉపాధి పనికో కూలికో వెళ్లిన వాళ్లెవరూ రారు.

గ్రామసభ: ఎన్నికలకు ముందే మీ చేతిలో ఉన్నది

పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. గెలవక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చి దీనికి రాజ్యాంగంలో చోటిచ్చింది. మన 1994 పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టి తీరాలంది. పెట్టని సర్పంచ్ పదవి పోయే నిబంధన కూడా అందులోనే ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. తలుచుకుంటే జరగగలవని అందరికీ తెలిసింది. ఆ రోజు మీ ఊళ్లో ఏం తీర్మానించారో పంచాయతీ ఆఫీసులో అడిగి చూడండి, మీ పని అక్కడి నుంచే మొదలవుతుంది.

కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. కాకపోతే దరఖాస్తును ఆయుధంలా తిప్పొద్దని నా సలహా. పంచాయతీ కార్యదర్శి చాలాచోట్ల పాతికేళ్ల కుర్రాడో అమ్మాయో. పైనుంచి అధికారులు, పక్క నుంచి నాయకులు, ఎదురుగా జనం, మధ్యలో వాళ్లు. మొదట మర్యాదగా వెళ్లి అడిగితే చాలా కాగితాలు ఊరికే చూపిస్తారు. సెక్రటరీని శత్రువును చేసుకున్న ఏ జట్టూ పంచాయతీని నడపలేదు.

ఆఫీసుకు వెళ్లక ముందే చూడదగ్గది ఇంకొకటుంది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ తెచ్చింది. మీ జిల్లా, మండలం, పంచాయతీ పేరు కొడితే ఏడాది ప్రణాళిక, వచ్చిన డబ్బు, ఖర్చు కనిపిస్తాయి. ఫోన్‌లో చూడొచ్చు. ఇవి చదవాలంటే ఒక సంగతి తెలియాలి. కేంద్రం పంపే 15వ ఆర్థిక సంఘం డబ్బులో 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం, చెప్పిన పనికే వాడాలని కట్టేసిన డబ్బు. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టంగా ఉండేది, అదీ జీతాలకు వాడకూడదన్నారు. గ్రామసభలో లేచి అందరూ సీసీ రోడ్డు అడుగుతారు, సర్పంచ్ సరే అంటాడు, రోడ్డు రాదు, దొంగ అంటారు. ఆ రోడ్డుకు ఏ ఖాతాలోనూ డబ్బు లేదన్నది ఎవరూ చెప్పరు. మీ ఊరి జనానికి మీరు చేయగల మొదటి సేవ, ఏ డబ్బు దేనికో ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించడం.

నాగావళి ఒడ్డున ఒక పంచాయతీలో జరిగింది చెబుతాను. అక్కడి కుర్రాళ్లు ఇద్దరు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ కలిసి ఆ ఏడాది ఖర్చులన్నీ పోర్టల్ నుంచి దించి కాగితం మీద వరుసగా రాసుకున్నారు. గ్రామసభలో ఎవరినీ ఏమీ అనలేదు. టీచరమ్మ లేచి, తేదీ, పని, మొత్తం, అంతే, చదువుకుంటూ పోయింది. బోరు మోటారు రిపేరు, ఇన్ని వేలు. రెండు నెలల తర్వాత మళ్లీ బోరు మోటారు రిపేరు. మళ్లీ ఇంకోసారి. మోటార్లు బాగుచేసే మనిషి ఆ ఊరివాడే, వెనక గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. "ఆ మోటారు నేను ఏడాదిలో ఒక్కసారే విప్పానమ్మా" అన్నాడు. అరుపులు లేవు, గొడవ లేదు. సభ మొత్తం ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత నుంచి ప్రతి రిపేరు బిల్లు వెనక, పని జరిగిన వీధిలో ఇద్దరి సంతకాలు ఉండాలని తీర్మానం చేశారు. అప్పటికి ఆ కుర్రాళ్లలో ఎవరికీ పదవి లేదు. తర్వాత ఎన్నికల్లో వాళ్ల తరఫున నిలబడ్డ వాళ్లలో చాలామంది గెలిచారంటే, ఊరు వాళ్లను ఆ రోజే చూసుకుంది కాబట్టే.

ఉద్యమాల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మన జిల్లాల జనానికి కలిసి కూర్చోవడం కొత్త కాదు. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, సోంపేట బీల (చిత్తడి నేల) కోసం ఊళ్లకు ఊళ్లు దీక్షా శిబిరంలో కూర్చున్నాయి. 2010 జులై 14న అక్కడ, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయినా నిలబడ్డారు. ఆ తెగువ మీద నాకు అపారమైన గౌరవం. అయితే వద్దనుకున్నదాన్ని ఆపడానికి జనం కూడినట్టు, నెలనెలా కాలువ పూడికతీత గురించి మాట్లాడటానికి కూడరు. దానికి వేరే ఏర్పాటు కావాలి.

ఊరితో కలిసి నిర్ణయించడం అంటే

బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం 1989లో బడ్జెట్‌ను జనం ముందు పెట్టడం మొదలుపెట్టింది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలి, వార్డు సభల్లోనే పనులు తేల్చుకోమంది. మన తెలుగువాళ్లలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లి ఉంది. నీళ్లకు, చెత్తకు, పొదుపుకు, ఇలా ఒక్కో పనికీ ఊరి వాళ్లతోనే కమిటీలు వేసుకుని నడిపిన ఊరు. వీలైతే మీ పదిమందీ ఒకసారి వెళ్లి చూసి రండి.

మన దగ్గర నేను చేయించేది ఇలా. గ్రామసభకు ముందు వారంలో వీధి సమావేశాలు పెట్టాలి. సాయంత్రం, అరుగుల మీద, వీధికొకటి. ప్రతి వీధీ తనకు కావాల్సినవి మూడే చెప్పాలి. గ్రామసభ రోజు ఆ పనులన్నీ బొమ్మలతో చార్టుల మీద గీసి నేల మీద పరుస్తాం. పక్కన అంచనా ఖర్చు, ఏ ఖాతా డబ్బు అన్నది ఉంటుంది. వచ్చిన ప్రతి మనిషికీ ఐదు చింతపిక్కలు. ఏ పని మీద పెట్టుకుంటారో వాళ్లిష్టం, ఐదూ ఒకదాని మీద పెట్టినా సరే. చదువురాని ముసలమ్మ కూడా పెట్టగలదు, మైకు పట్టుకున్నవాడి గొంతు ఇక్కడ పనిచేయదు. లెక్కపెట్టి అక్కడికక్కడే మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రాయించకపోతే అదంతా ఆటే.

దీన్లో ఒక చిక్కుంది. పిక్కల లెక్కన పెద్ద వీధులే గెలుస్తాయి. పది ఇళ్ల ఎస్సీ కాలనీ, ఊరికి దూరంగా ఉన్న శివారు గ్రామం ఎప్పుడూ ఓడతాయి. అందుకే ముందే ఒప్పుకోవాలి: నీళ్లు, దీపాలు, కాలువ ఏ వీధికి అసలు లేవో ఆ వీధి పని ఓటుకు పెట్టకుండానే మొదటి వరుసలో ఉంటుంది. సభ స్థలం కూడా మార్చండి. గుడి అరుగు మీద పెడితే రాలేని వాళ్లుంటారు. బడి ఆవరణలో ఒకసారి, కాలనీలో ఒకసారి పెట్టండి. చాటింపు శివారు దాకా వేయించండి.

మన ప్రాంతానికే ఉన్న ఇంకో సమస్య వలస. మగవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గుజరాత్ తీరంలో చేపల పడవల మీదో ఉంటారు. వాళ్లంతా వచ్చేది సంక్రాంతికి. నేను కొన్ని ఊళ్లలో కనుమ మర్నాడు ఊరి సమావేశం పెట్టించాను. బ్రహ్మాండంగా జనం వచ్చారు. అదే సందర్భంలో ఒక హెచ్చరిక. మీలాంటి వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బయట ఉన్నవాళ్లే ఎక్కువ మాట్లాడతారు. రాత్రి పదింటికి గ్రూపులో పెద్ద చర్చ నడుస్తుంది, పొద్దున కుళాయి దగ్గర బిందెలతో నిలబడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. గ్రూపులో బిల్లులు, ఫొటోలు, సభ తేదీలు పెట్టండి. నిర్ణయం మాత్రం సభలో కూర్చున్నవాళ్లదే. విశాఖలో ఉంటున్న మీకూ ఇది వర్తిస్తుంది. ఊళ్లో ఉండేవాళ్లను నిలబెట్టి మీరు వెనక ఉండటం మంచిది.

అడ్డంకులు

మొదటిది ఏకగ్రీవం. పోటీ లేకుండా తేల్చుకుంటే ప్రోత్సాహకం ఇస్తారు. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. నలుగురూ నిజంగా కూర్చుని ఒప్పుకుంటే మంచిదే. కానీ చాలాచోట్ల పెద్దమనుషులు గుడి పేరు చెప్పి వేలంపాట పెడతారు, ఎక్కువ పాడినవాడు సర్పంచ్. ఆ డబ్బు గుడికిచ్చినా బడికిచ్చినా, పాడినవాడు దాన్ని ఐదేళ్లలో రాబట్టుకోక మానడు. మీ మీద ఒత్తిడి తెస్తారు, "ఊళ్లో గొడవలు పెడుతున్నారు" అంటారు. మీ జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి: పేరు గ్రామసభలో అందరి ముందూ అడగండి, డబ్బు మాట లేకుండా అందరూ సరే అంటే మేమూ సరే.

రెండోది ఓటుకు డబ్బు. మీరు పంచొద్దు, పంచేవాళ్లను తిట్టుకుంటూ కూడా తిరగొద్దు. డబ్బు తీసుకున్న ఇంటివాళ్లను తిడితే ఆ ఓటు పోయినట్టే. వార్డు చిన్నది కాబట్టి, ఏడాదిగా వాళ్ల ఇంటి ముందు లైటు వెలిగించడానికి తిరిగిన మనిషిని వాళ్లు మరిచిపోరు. ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని అనను. సర్పంచ్ పోటీలో డబ్బు బలం ఎక్కువ పనిచేస్తుంది, వార్డులో తక్కువ. వార్డులు చూసుకోమన్నదానికి ఇది మూడో కారణం.

మూడోది గెలిచాక కండువా. ఫలితం వచ్చిన వారంలో కబురొస్తుంది. "ఎమ్మెల్యే గారి దగ్గరకు ఒకసారి వచ్చి వెళ్లు, నిధులు ఇప్పిస్తారు" అంటారు. కండువా కప్పుతారు, ఫొటో వస్తుంది, అయిపోయింది. పార్టీ లేని పదవికి ఫిరాయింపు చట్టం వర్తించదు, సర్పంచ్ మీద అవిశ్వాసం పెట్టే వీలూ లేదు. కాబట్టి మిమ్మల్ని కట్టి ఉంచేది ఊరి ముందు ఇచ్చిన మాట ఒక్కటే. నామినేషన్‌కు ముందే మీ అభ్యర్థులందరూ గ్రామసభలోనో వీధి సభల్లోనో నిలబడి చెప్పాలి: ఏ కండువా వేసుకోం, ఎమ్మెల్యే దగ్గరకు ఊరి పని మీద వెళ్తే ముగ్గురం కలిసి వెళ్తాం, ఏం మాట్లాడామో తర్వాతి సభలో చెబుతాం. ఎమ్మెల్యేను కలవొద్దని నేననడం లేదు. కలవాలి, ఏ పార్టీ ఆయన్నైనా కలవాలి. ఒంటరిగా వెళ్లొద్దనే చెబుతున్నాను.

నాలుగోది చాలా చిన్నగా కనిపిస్తుంది. ఇప్పుడు చెల్లింపులన్నీ ఆన్‌లైన్, కార్యదర్శి, సర్పంచ్ ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి. ఆ సంతకం ఉండే డాంగిల్ పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. చాలామంది సర్పంచులు దాన్ని పాస్‌వర్డ్‌తో సహా ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు, తమకు కంప్యూటర్ రాదని. చెక్కుబుక్కు మొత్తం సంతకాలు పెట్టి ఇచ్చేయడం కంటే ఇది ప్రమాదం. మీ సర్పంచ్ ఎవరైనా సరే, డాంగిల్ ఆయన లేదా ఆమె దగ్గరే ఉండాలి, ప్రతి చెల్లింపూ తెర మీద చదివి ఓకే చేయాలి. ఒక సాయంత్రంలో నేర్చుకునే పని.

పార్టీ లేకపోవడమే మంచితనం అనుకోవద్దని కూడా చెప్పాలి. కేరళలో కిళక్కంబలం అనే పంచాయతీలో 2015లో ట్వంటీ20 అనే సంస్థ 19 వార్డుల్లో 17 గెలిచింది, 2020లో ఇంకో మూడు పంచాయతీలకూ పాకింది. దాని వెనక ఉన్నది ఒక బట్టల కంపెనీ. రోడ్లు బాగుపడ్డాయని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. నా మటుకు నాకు, నిర్ణయం పార్టీ ఆఫీసు నుంచి కంపెనీ ఆఫీసుకు మారితే గ్రామసభకు ఒరిగిందేమీ లేదు. మీ ఊళ్లో కూడా జీడిపప్పు వ్యాపారో రియల్ ఎస్టేట్ ఆయనో "కుర్రాళ్లూ, ఖర్చంతా నేను చూసుకుంటా" అని రావచ్చు. వద్దనండి. ఇంటికి వంద, రెండు వందలు చందా వేసుకుని ఆ లెక్క గోడకు అంటించండి.

ఇక ఊరికి మాటిచ్చేటప్పుడు పంచాయతీ చేతిలో ఉన్నవే ఇవ్వండి. తాగునీరు, వీధి దీపాలు, కాలువలు, చెత్త, ఊరి లోపలి దారులు, ఇంటి పన్ను, ఇల్లు కట్టుకునే అనుమతులు. పింఛన్లు, రేషన్ కార్డులు, భూముల పాస్‌బుక్కులు పంచాయతీ మంజూరు చేసేవి కావు. 2019 అక్టోబరు నుంచి వచ్చిన సచివాలయాల వల్ల ఈ గీత జనానికి ఇంకా కలగాపులగమైంది. అక్కడి ఉద్యోగులు అందరూ సర్పంచ్ కింద పనిచేస్తారనుకుంటారు. ప్రచారంలోనే విడదీసి చెబితే తర్వాత మాట పడాల్సిన పని ఉండదు.

పట్టణాల వాళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడ వార్డు ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే, ఇండిపెండెంట్‌గా నిలబడొచ్చు కానీ కష్టం ఎక్కువ. శ్రీకాకుళం నగరంలోనైతే పాలకవర్గమే లేక పదేళ్లు దాటింది, అక్కడ ముందు అడగాల్సింది ఎన్నికలనే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ మండలాలు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. అక్కడ గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం వల్ల గ్రామసభకు మనకంటే ఎక్కువ బలం ఉంది, అదో పెద్ద సమాధానం, విడిగా రాయాలి.

మీకు ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే చెప్పమంటే: ఈ నెలలో పంచాయతీ ఆఫీసుకు వెళ్లి గత ఏడాది గ్రామసభల మినిట్స్ పుస్తకం చూపించమని అడగండి. మీలో ఇద్దరు, వేర్వేరు వీధుల వాళ్లు, వీలైతే ఒక ఆడమనిషి కలిసి వెళ్లండి. హాజరు సంతకాల్లో మీకు తెలిసిన పేర్లుంటాయి. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ రోజు ఏం మాట్లాడుకున్నారో అడగండి, రాసుకోండి. ఆ కాగితంతో పాటు మీ పంచాయతీ జనాభా, వార్డులు ఎన్ని, శివారు గ్రామాలు ఎన్ని అన్నది ఇక్కడే కింద రాయండి. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో మీ ఊరి లెక్కలు ఎలా చదవాలో వాటితోనే వరుసగా చెబుతాను.